సాయంత్రం బడి ఫలితం తేల్చాలంటే ఏది మేలు: సొంత పరీక్షా, పోలిక ఊళ్లా, ప్రజావేదికా?

ఇరవై ఊళ్లలో సాయంత్రం పూట పిల్లలకు చదవడం నేర్పే చిన్న ట్రస్టు ఉందనుకుందాం. పిల్లలకు నిజంగా వచ్చిందా లేదా తేల్చడానికి దానికి మూడు దారులున్నాయి.

అందరూ పట్టేది మొదటిదే: జూన్‌లో ఒక పరీక్ష, మార్చిలో ఇంకొకటి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న మెట్లు చాలు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఖర్చు దాదాపు ఉండదు. చిక్కల్లా చదువు చెప్పిన వాలంటీరే పరీక్ష పెట్టడంతో వస్తుంది. పిల్ల ‘చెట్టు’ దగ్గర ఆగగానే ‘చె...’ అని అందిస్తారు, ‘పదాలు’ గడిలో టిక్కు పడుతుంది. అందుకే పరీక్ష రోజున వాలంటీర్లను ఊళ్లు మార్చి పంపాలి. రెండో చిక్కు పైకి కనబడదు. జూన్‌లో 200 మంది ఉండి, మార్చికి 140 మందే మిగిలారనుకోండి. మానేసినవాళ్లు వెనకబడినవాళ్లయితే, ఎవరూ ఒక్క అక్షరం కొత్తగా నేర్వకపోయినా సగటు పెరుగుతుంది! రెండుసార్లూ వచ్చిన 140 మందినే పోల్చి, మిగతా 60 మంది లెక్క విడిగా రాయాలి.

ఇంత చేసినా, పగటి బడి నేర్పింది కూడా మన ఖాతాలోనే పడుతుంది. దాన్ని విడదీసేవి పోలిక ఊళ్లు. చీటీలు తీసి పది ఊళ్లలో ఈ ఏడు, మిగతా పదింట్లో వచ్చే ఏడు మొదలుపెట్టి, పరీక్ష మాత్రం ఇరవై ఊళ్లలోనూ ఒకే వారంలో పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బోనస్ మీద ఆర్థికవేత్తలు మురళీధరన్, సుందరరామన్ చేసిన అధ్యయనం 500 బడులను ఇలాగే లాటరీ తీసింది. పదీ పదీ ఊళ్లతో పెద్ద తేడా ఉంటేనే తెలుస్తుంది. ఒకే ఊరి పిల్లలు ఒకరిలా ఒకరు ఉంటారు కాబట్టి, పిల్లల సంఖ్య పెంచినా పెద్దగా లాభం లేదు. ఊళ్లు పెరగాలి.

మూడోదైన ప్రజావేదిక, అంటే ఊరి ముందు లెక్కలు చదివే సభ, చదువును కొలవదు, హాజరునూ డబ్బునూ పట్టిస్తుంది. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో చేసినట్టే హాజరు పట్టీ, బిల్లులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, తర్వాత ఊరి ముందు చదవాలి. పట్టీలో 28 పేర్లుండి చాప మీద 11 మందే కూర్చుంటుంటే తల్లులే చెబుతారు. వేదిక సర్పంచి అరుగు మీద పెడితే ఎవరూ నోరు విప్పరు, కూలి వేళ పెడితే ఆ తల్లులే రారు.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ నిధులు తీసుకుంటే బయటి సంస్థతో ప్రభావ అధ్యయనం తప్పదని భయపడేవాళ్లున్నారు. ఆ బాధ్యత కంపెనీది. అదీ మూడేళ్ల సగటు సీఎస్సార్ బాధ్యత 10 కోట్లు లేదా అంతకు మించిన కంపెనీకి, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టు ముగిసి ఏడాదయ్యాక.

మా ఓటు: ఇప్పుడున్న ఊళ్లలో సొంత పరీక్ష, ఏటా రెండు ప్రజావేదికలు. కొత్త ఊళ్లకు వెళ్లేటప్పుడు మాత్రం చీటీలు. ఏది ఎంచుకున్నా మొదటి పరీక్ష తరగతులు మొదలవకముందే ముగించాలి. ఆ అంకె తర్వాత ఎంత ఖర్చుపెట్టినా దొరకదు.