చోడగంగుడి వంశం: గుడి గోడ చదవాలా, రాగిరేకు చదవాలా?

కళింగాన్ని ఏలిన తూర్పు గంగ రాజు అనంతవర్మ చోడగంగుడి కుటుంబం గురించి తెలుసుకోవాలంటే మన శ్రీకాకుళం వాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుడి శాసనాలు, రెండోది కోర్ని లాంటి ఊళ్లలో దొరికిన రాగిరేకులు, అంటే రాజుల దానాలు చెక్కిన రాగి పలకలు.

వంశవృక్షమే కావాలంటే రాగిరేకులే మేలు. తండ్రి దేవేంద్రవర్మ రాజరాజు, తల్లి చోళుల ఆడపడుచు రాజసుందరి, పట్టాభిషేకం శక సంవత్సరం 999, అంటే క్రీ.శ. 1078. ఇవన్నీ వాటిలోనే వరసగా దొరుకుతాయి. తర్వాతి తరాల రేకులు చూస్తే కథ ఇంకా బాగుంటుంది. చోడగంగుడి కొడుకులు నలుగురు, కామార్ణవుడు, రాఘవుడు, రాజరాజు, అనియంక భీముడు, ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కారు. తల్లులు వేరైనా రాజ్యం అన్నదమ్ముల మధ్యే నడిచింది. ఆ అనియంక భీముడి మునిమనవడే కోణార్క కట్టించిన నరసింహదేవుడు. గంగుల రాజధాని అయిన మన కళింగనగరం బిడ్డలే అక్కడిదాకా వెళ్లారని చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కాకపోతే రేకుల్లో వంశం విష్ణువు దగ్గర మొదలవుతుంది. ఆ పురాణ తరాలను చరిత్రగా తీసుకోకూడదు.

గోడ శాసనాల్లో ఈ వరస దొరకదు. ఎవరు ఏం దానం ఇచ్చారు, ఏ సంవత్సరం, అంతే. దీపాలకు, నైవేద్యాలకు ఇచ్చినవే ఎక్కువ. కానీ రాజు చుట్టూ బతికిన మనుషులు కనిపించేది అక్కడే.

పిల్లలతో వెళ్తే ముందు గోడ చూపించండి. వంశం రాసుకోవాలనుకుంటే రేకుల పాఠంతో మొదలుపెట్టండి.