బాస్ చేపకి ఏది మేలు: స్పిన్నింగా, బెయిట్‌కాస్టరా? వార్మా, క్రాంక్‌బెయిటా?

ఈ వేసవిలో టెక్సాస్‌లోని మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో ముగ్గురు నలుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరున్న మంచినీటి చేప) పట్టాలని ఉంది, ముందు ఏం కొనాలి? అందరికీ ఒకటే చెప్పాను, ఇక్కడా అదే చెప్తున్నాను. గట్టు మీద నిలబడి వేసేవాళ్లకి మొదటి రాడ్ (గాలం కర్ర) స్పిన్నింగ్ రీల్ (దారం చుట్టే చక్రం) ఉన్నదే, మొదటి లూర్ (నకిలీ ఎర) వానపాములాంటి ప్లాస్టిక్ వార్మే. ఇంకో రకం రీల్, బెయిట్‌కాస్టర్, అది కూడా ఒకరోజు కావాలి, దానికి సాటిలేని పనులు దానికున్నాయి, కానీ ఒక సీజన్ ఆగి కొనండి.

నేను ఇది తలకిందులుగా చేశాను. షాపులో అడిగితే "బాస్ అంటే బెయిట్‌కాస్టరే" అన్నారు, నూట యాభై డాలర్లు పెట్టి తెచ్చుకున్నాను, మొదటి నెల రోజులు చేపలు పట్టడం కంటే దారం చిక్కులు తీయడమే ఎక్కువైంది.

తేడా ఎక్కడుందో అర్థమైతే ఎంచుకోవడం తేలిక. స్పిన్నింగ్ రీల్లో స్పూల్, అంటే దారం చుట్టి ఉండే కండె, విసిరేటప్పుడు కదలదు, దారమే దాని అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది, అందుకే లూర్ తేలికగా ఉన్నా, గాలి ఎదురుగా వస్తున్నా పెద్ద ఇబ్బంది ఉండదు. బెయిట్‌కాస్టర్‌లో స్పూలే గిర్రున తిరుగుతుంది. లూర్ గాల్లో వేగం తగ్గుతుంది, స్పూల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, బయటికి వెళ్లాల్సిన దారం లోపలే ఉబ్బి పిట్టగూడులా చిక్కుపడిపోతుంది. దాన్ని ఆపాల్సింది మీ బొటనవేలు. లూర్ నీటిని తాకే ముందు వేలు స్పూల్ మీద ఆనాలి, ఆ అలవాటు చేతికి రావడానికి టైమ్ పడుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే ఒక పని చేయండి. లూర్ కట్టి, బటన్ నొక్కి వదిలితే అది మెల్లగా కిందికి దిగాలి, నేలకు తగలగానే స్పూల్ ఆగిపోవాలి, అంతవరకు పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి. బ్రేకులు మొదట బాగా ఎక్కువ పెట్టుకుని వారం వారం తగ్గించుకోండి.

మరి బెయిట్‌కాస్టర్ ఎందుకు? బరువు కోసం, బలం కోసం, గురి కోసం. పావు ఔన్సు కంటే తక్కువ లూర్ అయితే స్పిన్నింగే సుఖం, మూడెనిమిదో వంతు ఔన్సు దాటితే బెయిట్‌కాస్టర్ చేతికి హాయిగా ఉంటుంది. మునిగిన చెట్ల మధ్య నాలుగు పౌండ్ల బాస్ పట్టుకుంటే అది ముందు చేసే పని కొమ్మల్లోకి దూరడం. అక్కడ లావు దారం, గట్టి రాడ్, తిన్నగా లాగే రీల్ కావాలి, సన్నని స్పిన్నింగ్ సెట్‌తో ఆ చేపను బయటికి తేవడం కష్టం.

కొలతలు అడుగుతారు కాబట్టి చెప్తాను. స్పిన్నింగ్ అయితే ఏడడుగుల మీడియం పవర్ (మధ్యరకం గట్టిదనం), ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగే) రాడ్, 2500 సైజు రీల్. దాని మీద పది పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం), చివర బారెడు పొడవున ఎనిమిది పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (లూర్‌కి ముందు కట్టే దారం ముక్క). బ్రెయిడ్ సాగదు, చిన్న కొరుకుడు కూడా చేతికి తెలుస్తుంది, కానీ తేట నీళ్లలో కనబడుతుంది, ఫ్లోరోకార్బన్ అంతగా కనబడదు, పైగా మునుగుతుంది. మామూలు మోనో (ఒంటి పోగు నైలాన్ దారం) చవక, ముడి తేలిగ్గా పడుతుంది, కానీ సాగుతుంది కాబట్టి దూరంలో ఉన్న చేప నోట్లో గాలం సరిగా దిగదు. ముడి ఏదైనా బిగించే ముందు తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

ఇక లూర్ల సంగతి, నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే. ఐదంగుళాల మెత్తటి స్టిక్ వార్మ్, సెంకో లాంటిది, మన వానపాము కంటే లావుగా ఉంటుంది, ప్లాస్టిక్‌లో ఉప్పు కలిపి ఉండటం వల్ల సీసం లేకుండానే మునుగుతుంది. గాలాన్ని సరిగ్గా నడుముకి గుచ్చితే అది వాకీ రిగ్. విసిరాక ఏమీ చేయకండి. నిజంగానే ఏమీ చేయకండి. అది దిగేటప్పుడు రెండు కొసలూ సన్నగా వణుకుతాయి, బాస్‌ని రప్పించేది ఆ వణుకే. మీ కళ్లు మాత్రం నీటి మీద ఉన్న దారం మీదే ఉండాలి. వదులుగా పడున్న దారం టక్కున ఒకసారి ఎగిరినా, పక్కకి నడవడం మొదలుపెట్టినా చేప నోట్లో ఉన్నట్టే. వదులు చుట్టేసి వెంటనే లాగండి. ఇక్కడ ఆలస్యం చేస్తే వార్మ్ గొంతు దాకా పోతుంది, వదిలేయాలనుకున్న చేప కూడా బతకకపోవచ్చు.

నాచు, కొమ్మలు ఉన్నచోట అదే వార్మ్‌ని టెక్సాస్ రిగ్‌గా మార్చుకోవాలి. ముందు బుల్లెట్ ఆకారం బరువు, తర్వాత 3/0 ఆఫ్‌సెట్ గాలం, దాని మొన వార్మ్ ఒంట్లోనే దాక్కుని ఉంటుంది కాబట్టి దేనికీ తగులుకోదు. పది వార్మ్‌ల ప్యాకెట్ ఏడెనిమిది డాలర్లు. క్రాంక్‌బెయిట్, అంటే చిన్న చేపలా ఉండే గట్టి లూర్, ఒక్కటే దాదాపు అంత, పైగా దానికి మూడు మొనల గాలాలు రెండు వేలాడుతుంటాయి, గట్టు నుంచి వేసేవాళ్లు రాళ్లల్లో పోగొట్టుకునేది ఎక్కువగా దాన్నే.

అలాగని క్రాంక్‌బెయిట్ వద్దనడం లేదు. వార్మ్ చేప ఎక్కడుందో తెలిసినచోట పనికొస్తుంది, క్రాంక్‌బెయిట్ ఎక్కడుందో వెతకడానికి పనికొస్తుంది. వార్మ్ ఒక్కసారి దిగి వచ్చేలోపు దాంతో నాలుగైదు సార్లు విసరొచ్చు. ఫిబ్రవరిలో నీళ్లు ఇంకా చల్లగా ఉండి, గట్టు దగ్గర మునిగిన గడ్డి ఉంటే, లోపల చిన్న గోలీలు గలగలలాడే, ముందు మూతి పలక లేని లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్‌కి సాటి లేదు. గడ్డికి తగిలి ఆగినప్పుడు రాడ్‌ని ఒక్క జెర్క్ ఇచ్చి విడిపించండి, చాలాసార్లు బాస్ కొట్టేది సరిగ్గా ఆ విడిపడే క్షణంలోనే. ఇక్కడివాళ్లు దానికి క్రాఫిష్ ఎరుపు రంగు వాడతారు, నేనూ అదే వాడతాను.

వాన పడి చెరువు టీ రంగులోకి మారిన రోజున రెండూ పక్కన పెట్టి స్పిన్నర్‌బెయిట్ (తీగకి గిర్రున తిరిగే రేకులున్న లూర్) తీస్తాను. బురద నీళ్లలో బాస్ కంటితో కంటే ఒంటి పక్కన ఉండి నీటి అదురుని పట్టే లాటరల్ లైన్‌తో ఎక్కువ పసిగడుతుంది, గుండ్రటి కొలరాడో బ్లేడ్ దబదబ కొట్టుకునే చప్పుడు దానికి అందుతుంది. తేట నీళ్లకి సన్నటి విల్లో బ్లేడ్, అది మెరుపు. రంగుల గురించి తల పగలగొట్టుకోకండి. తేట నీళ్లకి గ్రీన్ పంప్‌కిన్, బురదకి నలుపు నీలం కలిపింది, రెండు ప్యాకెట్లతో ఏడాది గడుస్తుంది.

బతికున్న ఎర మాటేంటని అడిగేవాళ్లూ ఉన్నారు. పడుతుంది, కాదనను. టెక్సాస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో లేక్ ఫోర్క్ చెరువులో క్రాపీ అనే ఇంకో చేప కోసం వేసిన మిన్నోకే (చిన్న ఎర చేప) పడింది. కానీ బతికున్న ఎరను చేప లోతుగా మింగుతుంది, మనం చాలావరకు వదిలేసే చేపలు ఇవి. లేక్ ఫోర్క్‌లో అయితే 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని వదిలి తీరాలి, రాష్ట్రంలో మిగతా చాలాచోట్ల 14 అంగుళాలకు తక్కువైతే వదలాలి. అందుకే నేను లూర్ వైపే ఉంటాను. ఇంకోటి, టెక్సాస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచి పడితే లైసెన్స్ కూడా అక్కర్లేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సీడర్ హిల్ స్టేట్ పార్కులో జో పూల్ లేక్‌కి వెళ్లొచ్చు.

చివరిగా కప్ప. బోలు రబ్బరు కప్ప, కిందికి కాకుండా వీపుకి ఆనుకుని పైకి తిరిగిన రెండు గాలాలు, తామరాకుల మీద కూడా తగులుకోకుండా గెంతుతుంది. ఇది స్పిన్నింగ్ సెట్‌తో అయ్యే పని కాదు. మీడియం హెవీ బెయిట్‌కాస్టర్, యాభై పౌండ్ల బ్రెయిడ్ కావాలి, ఎందుకంటే చేపతో పాటు రెండు కిలోల నాచు కూడా లాగాల్సి వస్తుంది. నేను చెప్పిన ఆ రెండో రాడ్ కొనాల్సింది దీనికోసమే.

దీనితో ఒకటే చిక్కు. బాస్ కప్ప మీద పడి నీరు ఫట్‌మని పేలగానే చెయ్యి తనంతట తానే లాగేస్తుంది, కప్ప ఖాళీగా మన మీదికి ఎగిరొస్తుంది. నాకు చాలా రోజులు ఇదే జరిగింది. పోయిన మే నెలలో నాన్న నల్లగొండ నుంచి వచ్చారు. ఆయన చిన్నప్పుడు ఊరి చెరువులో బతికున్న కప్పని గుచ్చి కొర్రమట్టలు పట్టినవారు. తెల్లవారుజామున రబ్బరు కప్పని చేతిలోకి తీసుకుని కడుపు నొక్కి చూశారు, గాలాల మొనలు పైకి లేచాయి. "ఇది నోట్లో నొక్కుకునే దాకా గుచ్చుకోదు కదరా, మరి తొందరెందుకు?" అన్నారు. నేను విసిరాను, ఆకుల మధ్య నీరు పేలింది, నా మోచేతి మీద ఆయన చెయ్యి పడింది. "ఆగు... దారం బరువెక్కనీ... ఇప్పుడు లాగు!"

పంతొమ్మిది అంగుళాలు. కొలిచి, ఆయనే కింది దవడ పట్టుకుని నీళ్లలోకి దించి వదిలారు.