గ్రీస్‌లో తాబేళ్ళ వలంటీరింగ్: జాకింథోస్ మేలా, కిపరిసియా మేలా?

వేసవిలో గ్రీస్ వెళ్ళి సముద్ర తాబేళ్ళ కోసం పనిచేద్దామనుకునే కుర్రాళ్ళకి ముందు వచ్చే సందేహం ఇదే. జాకింథోస్ ఒక దీవి, కిపరిసియా గ్రీస్ పడమటి తీరంలో ఒక అఖాతం. రెండు చోట్లా పనిచేశాను కాబట్టి నా మాట సూటిగా చెప్తా: ఇసుకలో దిగి పని నేర్చుకోవాలంటే కిపరిసియా, మనుషులతో ఓపిగ్గా మాట్లాడగలిగితే జాకింథోస్.

రెండు చోట్లా వలంటీర్లను తీసుకునేది ఆర్కెలాన్ అనే సంస్థ, 1983లో మొదలైంది. ఉచితం అనుకోకండి. పాల్గొనడానికి ఫీజు కట్టాలి, తిండి ఖర్చు మనదే, పైగా వారం పది రోజులకి వస్తామంటే కుదరదు.

కిపరిసియాలో తెల్లవారుతుండగానే నడక మొదలవుతుంది. రాత్రి తల్లి తాబేలు పాక్కుంటూ వచ్చిన జాడ ఇసుక మీద ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంటుంది. దాని చివర ఇసుక చెదిరి ఉన్నచోట చేత్తోనే, చాలా మెల్లగా, తవ్వుకుంటూ పోవాలి, పైనున్న గుడ్డు తెల్లగా కనబడగానే ఆపేసి, మళ్ళీ ఇసుక కప్పి, నక్కలు తోడెయ్యకుండా పైన జాలీ పరచాలి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, పిల్లలు బయటికి రావడానికి సుమారు 50-60 రోజులు. ఇసుక వేడి 29 డిగ్రీలు దాటేకొద్దీ ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయని టీమ్ లీడర్ చెప్పినప్పుడు, ఎండలు పెరగడమంటే ఏంటో నాకు బాగా అర్థమైంది. నాతో నడిచిన జర్మన్ అమ్మాయి టేపు పట్టి కొలతలు చెప్తుంటే స్పెయిన్ అబ్బాయి ప్రతి అంకె తిరిగి అడిగి మరీ రాసుకునేవాడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, అయినా తప్పు పోయింది లేదు.

బస టెంట్లలోనే. ఎండెక్కాక లోపల ఉండలేం, చెట్టు నీడే గతి. వంట, బాత్‌రూమ్‌లు కడగడం వంతులవారీగా అందరూ చెయ్యాలి. దీనికి ఇష్టం లేకపోతే దయచేసి వెళ్ళకండి, మిగతావాళ్ళకి భారం.

జాకింథోస్‌లో 1999 నుంచి జాతీయ సముద్ర పార్కు ఉంది. గూళ్ళున్న బీచ్‌లలో సీజన్‌లో రాత్రిళ్ళు ఎవరూ తిరగకూడదు. అక్కడ పనిలో సగం టూరిస్టులకి నచ్చజెప్పడమే: గొడుగు గూటి మీద పాతొద్దని, లైట్లు వెయ్యొద్దని (వెలుతురు చూసి పిల్లలు సముద్రం వదిలేసి అటు పాకుతాయి). లగానాస్ అఖాతంలో కొన్ని టూరిస్టు పడవలు ఊపిరి కోసం పైకొచ్చిన తాబేలు చుట్టూ మూగడం చూస్తే కడుపు మండిపోయింది. అలాంటి పడవ ఎక్కకండి, డబ్బు దండగ, తాబేలుకి హింస.

తల్లులు గుడ్లు పెట్టడం చూడాలంటే జూన్, జులై. పిల్లలు బయటికి రావడం చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్. అంత సమయం లేనివాళ్ళు ఏథెన్స్ పక్కన గ్లిఫాడాలో, పాత రైలు పెట్టెల్లో నడుపుతున్న తాబేళ్ళ రక్షణ కేంద్రానికైనా వెళ్ళిరండి, పడవ ప్రొపెల్లర్ తగిలిన తాబేళ్ళకి అక్కడే వైద్యం చేస్తారు.