అమ్మ డిపోజిషన్ రోజున మా న్యాయవాది: డాలస్‌లోని ఒక న్యాయ కార్యాలయంపై సమీక్ష

కారు ప్రమాదం కేసు కోసం మేము ఆశ్రయించిన డాలస్ న్యాయ కార్యాలయం గురించి, అందులోనూ మా అమ్మగారి డిపోజిషన్ రోజున వారు వ్యవహరించిన తీరు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. కోర్టులో విచారణ మొదలు కాకముందే సాక్షి చేత ప్రమాణం చేయించి, ప్రతి మాటనూ నమోదు చేసే కోర్టు రిపోర్టర్ సమక్షంలో ప్రశ్నించి వాంగ్మూలం తీసుకోవడాన్ని ఇక్కడ డిపోజిషన్ అంటారు. ఆ గదిలో మందలించడానికి న్యాయమూర్తి ఉండరు కనుక సాక్షిని బెదరగొట్టి మాట జారేలా చేయాలని చూసే న్యాయవాదులు ఉంటారు, మాకు ఎదురైన వారు ఆ కోవకే చెందుతారు.

ప్రమాద సమయంలో అమ్మ నా పక్క సీట్లో ఉన్నారు. ఆమె తెలుగులో చెప్పిన జవాబును దుబాసీ ఇంగ్లీషులో పూర్తి చేయకముందే ఎదుటి పక్షం న్యాయవాది తరువాతి ప్రశ్న సంధించేవారు. సిగ్నల్ ఏ రంగులో ఉందన్న ఒక్క ప్రశ్ననే మాటలు మార్చి పదే పదే అడిగి, చివరకు చేతిలోని ఫైలుతో బల్లను చరిచారు.

మా న్యాయవాది ఆయనతో పోటీపడి అరవలేదు. టెక్సాస్ సివిల్ ప్రొసీజర్ నిబంధన 199.5 ప్రకారం ప్రశ్నపై అభ్యంతరం ఉంటే ‘అబ్జెక్షన్, ఫామ్’ (ప్రశ్న అడిగిన తీరు సరికాదు) అనో ‘అబ్జెక్షన్, లీడింగ్’ (జవాబును ప్రశ్నలోనే అందిస్తున్నారు) అనో మాత్రమే అనాలి, ఆవిడ అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. బల్ల చరిచినప్పుడు మాత్రం రిపోర్టర్ వైపు తిరిగి, న్యాయవాది గొంతు పెంచి ఫైలుతో బల్లను కొట్టారని స్పష్టంగా చెప్పి నమోదు చేయించారు. రాతప్రతిలో మాటలే తప్ప గొంతు వినిపించదు కదా, ఆ ఒక్క వాక్యం లేకపోతే రేపు చదివేవారికి అక్కడేమీ జరగనట్టే ఉండేది. సాక్షిని వేధించడానికే ప్రశ్నలు వేయకూడదని అదే నిబంధనలో ఉందని ఆయనకు గుర్తుచేసి విరామం కోరారు. విరామం తరువాత ఆయన దుబాసీ ముగించేవరకు ఆగి ప్రశ్నించారు.

లోపం సన్నాహంలో ఉంది. ప్రశ్నలు నడుస్తుండగా సాక్షి తన న్యాయవాదితో చాటుగా మాట్లాడటం, న్యాయవాదితో జరిగిన సంభాషణల వంటివి బయటపెట్టనక్కరలేదనే గోప్యతా హక్కు విషయంలో తప్ప, కుదరదు. అంటే చెప్పవలసినదంతా ముందే చెప్పాలి. అమ్మకు మాత్రం ఫోనులో, ఇంగ్లీషులో, నేను అనువదిస్తుండగా నాలుగు ముక్కలు చెప్పి సరిపెట్టారు. దుబాసీ ద్వారా మాట్లాడేటప్పుడు ఎక్కడ ఆగాలో, ప్రశ్న అర్థం కాకపోతే ఏమనాలో ఎవరూ చెప్పకపోవడంతో మొదటి గంట ఆమె చాలా నలిగిపోయారు. దుబాసీ రుసుమును మాకు వచ్చే పరిహారంలోంచి మినహాయిస్తారన్న సంగతి కూడా ఒప్పందంలో ఉన్నదే గానీ, విడమరిచి చెప్పలేదు.

రాతప్రతి చేతికందాక సవరణలకు 20 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులోపు కార్యాలయంలోని సహాయకురాలు అమ్మ పక్కన కూర్చుని, డిపోజిషన్ వీడియోలోని తెలుగు జవాబులతో ఇంగ్లీషు పాఠాన్ని వరుసగా పోల్చి చూశారు, ‘ఎడమ’ అన్నచోట ‘కుడి’ అని వచ్చిన తప్పు అప్పుడే బయటపడింది. పెద్దవాళ్ళ చేత వాంగ్మూలం ఇప్పించవలసినవారికి ఈ కార్యాలయాన్ని సిఫారసు చేస్తాను, అయితే దుబాసీని కూర్చోబెట్టుకుని ముఖాముఖి అభ్యాసం చేయిస్తారా అని సంతకం పెట్టకముందే అడగండి.