పాటల షో షూటింగు: పట్టుచీరకి ముందు వరస, గళ్ల చొక్కాకి చివరి వరస

నెల్లూరు నుంచి మా పెద్దమ్మ చెన్నై వచ్చినప్పుడల్లా మెరీనా, మైలాపూరు, పాండీబజారు తిప్పడం అయిపోయింది. ఈసారి వాట్సాప్ గ్రూపులో ఫ్రీ పాసులు దొరికాయి. ఒక తమిళ ఛానెల్ వాళ్ల పాటల పోటీ, పూనమల్లి దాటాక ఉన్న స్టూడియోలో షూటింగు. పాత తెలుగు పాటలు కూడా ఉంటాయన్నారు. ఇంకేం, పెద్దమ్మ మామిడిపండు రంగు కంచిపట్టు తీసింది.

పాసుకి డబ్బుల్లేవు కానీ రోజంతా పోతుంది. రమ్మన్నది ఒంటిగంటకి. మెట్రో పనులతో తవ్విపోసిన ఆర్కాట్ రోడ్డు మీద పడుతూ లేస్తూ పన్నెండున్నరకే చేరాం. మొదటి పాట మొదలైంది అయిదుంబావుకి. అప్పటిదాకా రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన పులిహోర పొట్లం. అంతమంది ఆడవాళ్లకి రెండే బాత్రూములు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని టోకెన్ ఇస్తారు కాబట్టి, బీపీ మాత్ర టైముకి వేసుకోవాల్సినవాళ్లు చేతికి వాచీ పెట్టుకెళ్లండి.

ఇంకోటి, సన్నగళ్ల చొక్కా వద్దు. కెమెరాలో ఆ గళ్లు అలల్లా కదులుతూ కనిపిస్తాయట. ఫ్లోర్ మేనేజర్ నన్ను ఎగాదిగా చూసి చివరి వరసకి తోలేశాడు. పెద్దమ్మని మాత్రం "వాంగమ్మా" అంటూ చెయ్యి పట్టి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

పాట కోసమే అయితే ఇంట్లో టీవీయే నయం. హాల్లో స్పీకర్లు బాగా తగ్గించి పెడతారు, ఆ శబ్దం మళ్లీ సింగర్ మైకులో దూరకూడదని. సింగర్‌కి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటుంది, మనకి గొంతు సగమే వినిపిస్తుంది. పైగా జిమ్మీజిబ్ (పొడుగు చెయ్యిలాంటి కెమెరా క్రేను) అడ్డమొచ్చిందని ఒకసారి, లైటు వెలగలేదని ఒకసారి ఆపేస్తారు. పాటలు మొదలవకముందే మన చేత ఉత్తినే చప్పట్లు కొట్టించి షూట్ చేసి పెట్టుకుంటారు.

బ్రేకులో పెద్దమ్మ నా దగ్గరికొచ్చి, "ఏందిరా ఈ ఆపడం? మా ఊళ్లో సాంబమూర్తి గారు హరికథ చెప్తుంటే ఎవురన్నా కట్ అన్నారా?" అంది. బాలు గారి నాన్న గారి హరికథ విన్నానని చెప్పుకోవడం ఆవిడకి భలే గొప్ప.

ఇంత తిట్టినా మళ్లీ పాస్ దొరికితే వెళతాను. ఆ ఫ్లూటాయన కోసం.

నన్ను తోలేసిన చివరి వరస సరిగ్గా బ్యాండు పక్కన పడింది. లైట్ల వేడికని ఏసీ గడ్డకట్టేలా పెట్టారు. చలికి ఫ్లూటు శృతి దిగిపోతుంది, కీబోర్డు శృతేమో కదలదు. అందుకని కట్ అన్నప్పుడల్లా ఆయన ఫ్లూటుని చంకలో పెట్టుకుని, చంటిపిల్లని కప్పినట్టు శాలువా కప్పేవాడు. టేక్ అనగానే బయటికి తీసి, చప్పుడు రాకుండా రెండుసార్లు ఊపిరి ఊది, ఒక్క స్వరం పలికించి కీబోర్డాయన వైపు చూసేవాడు. ఆయన తలూపితే సరే. ఒకసారి అడ్డంగా ఊపాడు. అవతల ఫ్లోర్ మేనేజర్ కౌంట్ మొదలుపెట్టేశాడు కూడా. ఈయన మళ్లీ ఊదాడు, మళ్లీ చూశాడు, ఈసారి తల నిలువుగా ఊగింది. ఆ పాట పల్లవికి ముందొచ్చే ఫ్లూటు బిట్టు విని నాకు ఒళ్లు జలదరించింది. టీవీలో చూస్తే ఆ బిట్టు వస్తున్నంతసేపూ జడ్జీల మొహాలే.

బయటపడేసరికి రాత్రి పదకొండు, క్యాబ్ దొరికేసరికి పన్నెండు.

మూడు వారాలకి ఎపిసోడ్ వచ్చింది. ఒకమ్మాయి పాట చరణంలో ఉండగా, పెద్దమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లొత్తుకుంటూ స్క్రీన్ నిండా కనిపించింది. వెంటనే నెల్లూరుకి ఫోన్ చేశాను, అంత ఏడిపించిందా ఆ పాట అని.

"ఏ పాటరా? ఆ పొగ మిషను పొగ కళ్లల్లో పడితే తుడుచుకున్నా. ఆ పిల్ల పాడేటప్పుడు నేను బాత్రూం లైన్లో ఉండా గదా!"