పీడీబీలో పంది వైరస్ ఎంజైమ్: బొమ్మ బ్రహ్మాండం, కానీ మూడో వంతే

పైసా ఖర్చు లేని వెబ్‌సైట్‌కి రివ్యూ ఏంటి అని మా స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. నవ్వితే నవ్వారు. డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్పే నాకు ప్రొటీన్ల యూనిట్ వచ్చిందంటే ఈ సైట్ తెరవకుండా గడవదు. ఏది బాగుందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో రాస్తే కొత్తగా వాడేవాళ్లకి పనికొస్తుంది.

పీడీబీ అంటే ప్రొటీన్ డేటా బ్యాంక్. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ లేబొరేటరీలో ఏడంటే ఏడు స్ట్రక్చర్లతో, అంటే ప్రొటీన్ల త్రీడీ ఆకారాలతో, మొదలైంది. ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. నేను వాడేది ఆర్‌సీఎస్‌బీ వాళ్లు నడిపే సైట్. లాగిన్ లేదు, ఓటీపీ గొడవ లేదు, ఫ్రీ ట్రయల్ అని చెప్పి నెల తర్వాత కార్డు నంబర్ అడగడం లేదు. బొమ్మని తిప్పి చూపించే వ్యూయర్ పేరు మోల్‌స్టార్. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి ల్యాబ్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించమని ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

ఊరికే బాగుంది బాగుంది అంటే రివ్యూ అవ్వదు కదా, ఒక్క ఎంట్రీ పట్టుకుని చెబుతాను. దాని కోడ్ 2హెచ్‌డబ్ల్యూ0. పోర్సైన్ సర్కోవైరస్ టైప్ 2 అనే పంది వైరస్ తన డీఎన్‌ఏకి కాపీలు తీయించుకోవడానికి వాడే రెప్ అనే ఎంజైమ్‌ది ఈ స్ట్రక్చర్. 2007లో జర్నల్‌లో వచ్చింది, ఎన్ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల సంకేతాలు కొలిచే పద్ధతి) కట్టింది.

క్లాసులో నేను దీన్నే ఎందుకు తీస్తానంటే, ఈ వైరస్ అంత పిసినారి ఇంకోటి దొరకదు. దాని జీనోమ్ మొత్తం దాదాపు 1,770 బేస్‌లు. ఒంటి పోగు డీఎన్‌ఏ, గుండ్రంగా ముడిపడి ఉంటుంది. డీఎన్‌ఏ అక్షరాలు పేర్చే ఎంజైమ్, పాలిమరేజ్, అది కూడా సొంతంగా లేదు, కాపీ తీసే పని పంది కణంలోని పాలిమరేజ్ మీదే వేస్తుంది. తను చేసేదల్లా ఆ పని ఎక్కడ మొదలవ్వాలో చూపించడం, చివర్లో ముడి వేయడం. ఈ రెండూ రెప్ పనులే. (ఈ కుటుంబంలో టైప్ 1 బయటపడిన కథ కూడా తమాషాగా ఉంటుంది. 1974లో జర్మనీలో పీకే-15 అనే పంది కిడ్నీ కణాల కల్చర్‌లో, ఎవరికీ ఏ హానీ చేయకుండా కూర్చుని దొరికింది. అదే టైప్ 1 డీఎన్‌ఏ 2010లో పసిపిల్లలకి వేసే ఒక రోటావైరస్ వ్యాక్సిన్‌లో కనబడేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. మనుషులకి దానివల్ల జబ్బేమీ రాదని తేల్చారు. తల్లిపాలు మాన్పించిన పంది పిల్లల్ని చిక్కి శల్యం చేసేది టైప్ 2.)

రెప్ పని చూడండి. ఆ గుండ్రటి డీఎన్‌ఏలో ఒకచోట చిన్న వంపు ఉంటుంది. దాని కొసన ఏ-ఏ-జీ-టీ-ఏ-టీ-టీ-ఏ-సీ అనే తొమ్మిది అక్షరాలు. రెప్ సరిగ్గా ఏడో అక్షరానికీ ఎనిమిదో అక్షరానికీ మధ్య తెంపుతుంది. తెంపి వదిలేయదు. పూలు కట్టేవాళ్లు దారం తెంపి ఒక కొస వేలికి చుట్టుకున్నట్టు, తెగిన కొసల్లో ఒకదాన్ని తనకే అతికించుకుంటుంది. రసాయన బంధమే అది, ఊరికే పట్టుకోవడం కాదు. ఆ పని చేసేది 96వ స్థానంలో ఉన్న టైరోసిన్. రెండో కొస ఖాళీగా ఉంటుంది కదా, పంది పాలిమరేజ్ అక్కడ ఎక్కి కాపీ తీసుకుంటూ పోతుంది. చుట్టు పూర్తయ్యాక రెప్ కొసలు కలిపేసి కొత్త రింగుని వదులుతుంది.

ఇదంతా బోర్డు మీద గీసి చెబితే తలలూపుతారు. మోల్‌స్టార్‌లో చూపిస్తే ప్రశ్నలు మొదలవుతాయి. కోడ్ కొట్టి స్ట్రక్చర్ ట్యాబ్ నొక్కితే పైన అమైనో ఆమ్లాల అక్షరాలు వరసగా కనిపిస్తాయి, కింద రంగుల రిబ్బన్. మధ్యలో ఎదురెదురు దిశల్లో నడిచే బీటా పోగుల పరుపు, దాన్ని ఆనుకుని హెలిక్స్‌లు. పై వరసలో 96 దగ్గరున్న వై (టైరోసిన్‌కి గుర్తు) మీద క్లిక్ చేస్తే బొమ్మ అక్కడికి దూసుకెళ్తుంది, ఆ టైరోసిన్, దాని చుట్టుపక్కల వాళ్లూ పుల్లలు పుల్లలుగా తేలతారు.

ఈ రకం ఎంజైమ్‌లని హెచ్‌యూహెచ్ అంటారని పాఠంలో ఉంటుంది. రెండు హిస్టిడిన్లు (హెచ్ అంటే అదే), మధ్యలో నీళ్లంటే పడని ఒక అమైనో ఆమ్లం. లోహపు అయాన్‌ని పట్టి ఉంచేది అవే. మా అమ్మాయి ఒకతి అక్షరాల వరస చూసుకుంటూ వెళ్లి, "మేడమ్, రెండో హెచ్ ఏది? ఇక్కడ హెచ్-ఎల్-క్యూ అని ఉందేంటి?" అంది. నిజమే, సర్కోవైరస్‌లలో ఆ రెండో హిస్టిడిన్ ఉండదు, దాని బదులు గ్లుటమిన్ (క్యూ) ఉంటుంది. నేను చెప్పకముందే పిల్ల పట్టుకుంది. ఈ ఒక్క దానికే సైట్‌కి ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తాను.

ఇక జాగ్రత్త పడాల్సిన సంగతి. రెప్ పూర్తి పొడవు 314 అమైనో ఆమ్లాలు. 2హెచ్‌డబ్ల్యూ0లో ఉన్నది మొదటి మూడో వంతు, ఆ పైన కాస్త. తెంపే భాగం ఉంది, ఏటీపీ ఖర్చు పెట్టి డీఎన్‌ఏ పోగుల్ని విడదీసే హెలికేజ్ భాగం లేదు. ఇందులో ఎవరూ ఏదీ దాచలేదు, ఎంట్రీ టైటిల్‌లోనే న్యూక్లియేజ్ డొమైన్ (తెంపే భాగం) అని రాసుంది. కానీ బొమ్మ అంత అందంగా తిరుగుతుంటే టైటిల్ చదివేదెవరు? అసైన్‌మెంట్లలో "రెప్ ఎంజైమ్ పూర్తి స్ట్రక్చర్" అని బొమ్మ అతికించి తెచ్చేవాళ్లు ఏటా ఉంటారు. డీఎన్‌ఏ కూడా ఈ ఎంట్రీలో లేదు, ఎంజైమ్ ఒక్కటే. పైగా ఎన్ఎంఆర్ కాబట్టి ఒకే అణువుకి చాలా మోడళ్లు ఉంటాయి. అన్నీ కలిపి చూపిస్తే కొసలు తలో దిక్కుకీ పోతాయి. ఎంజైమ్ చేతులు ఊపుతోందని ఒకడు రాశాడు. అక్కడ కొలతలు తక్కువ దొరికినా కొసలు అలాగే కనిపిస్తాయి, ఆ బొమ్మ ఒక్కటీ చూసి ఊపుడు లెక్కలు కట్టకూడదు.

అలాగని మూడో వంతని చిన్నచూపు చూడక్కర్లేదు. ఆ ముక్క విడిగా కూడా తెంపుతుంది, అతుక్కుంటుంది. అందుకే అది ల్యాబ్‌లలో పనిముట్టు అయ్యింది. 2018లో ఇదే పంది వైరస్ ముక్కని, జీన్లని కోసే క్యాస్9 అనే ఎంజైమ్‌కి తగిలించి, జీన్ ఎడిటింగ్‌లో రిపేరుకి కావాల్సిన డీఎన్‌ఏని ఆ ముక్క చేత మోయించారు. అది చేసింది మినెసోటా యూనివర్సిటీ వాళ్లు. 2021లో డీఎన్‌ఏ పట్టుకుని ఉన్న రెప్ క్రిస్టల్ స్ట్రక్చర్ ఇచ్చిందీ వాళ్లే, కోడ్ 6డబ్ల్యూడీజెడ్. హెలికేజ్‌తో కలిపి చూడాలంటే అదే ఏడాది న్యూయార్క్ సిటీ కాలేజ్ నుంచి వచ్చిన క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) స్ట్రక్చర్లు వెతకండి. ఆరు రెప్‌లు రింగు కట్టి డీఎన్‌ఏని మధ్యలోంచి లాగడం అందులో అర్థమవుతుంది.

వాడకం గురించి రెండు ముక్కలు. ఫోన్‌లో తెరుచుకుంటుంది, కానీ ఆ అక్షరాల వరసలో 96ని వేలితో నొక్కడం నా వల్ల కాలేదు. మౌస్ ఉన్న సిస్టమ్ మేలు. ఇలాంటి చిన్న ప్రొటీన్లు పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా తిరుగుతాయి. వైరస్ పెంకు మొత్తం తెరిస్తే ఫ్యాను మోత మొదలవుతుంది. సైట్ అంతా ఇంగ్లిషే, అదీ రీసెర్చ్ వాళ్ల ఇంగ్లిష్. బొత్తిగా కొత్తవాళ్లయితే అదే సైట్ వాళ్లు 2000 నుంచి నెలకొకటి చొప్పున వేస్తున్న "మాలిక్యూల్ ఆఫ్ ది మంత్" వ్యాసాలతో మొదలుపెట్టండి, వాటిలో డేవిడ్ గుడ్‌సెల్ వేసిన బొమ్మలు చూస్తే ఈ సబ్జెక్టు మీద భయం సగం పోతుంది.

ఈసారి ప్రాక్టికల్‌లో 2హెచ్‌డబ్ల్యూ0, 6డబ్ల్యూడీజెడ్ రెండూ పక్కపక్కన తెరిపించి, రెండో దాంట్లో 96వ స్థానం నుంచి డీఎన్‌ఏ ఎంత దూరంలో ఉందో పిల్లల చేతే కొలిపించబోతున్నాను. మోల్‌స్టార్‌లో దూరం కొలిచే సదుపాయం ఉంది, రెండు పరమాణువుల్ని ఎంచుకుంటే ఆంగ్‌స్ట్రామ్‌లలో చెప్పేస్తుంది.