ఫోల్డ్‌స్కోప్: చూసినదాన్ని వెంటనే నమ్మవద్దని నేర్పే కాగితపు సూక్ష్మదర్శిని

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం ఈ వేసవిలో ఫోల్డ్‌స్కోప్ తెప్పించాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనూ ప్రకాశ్, జిమ్ సిబుల్స్‌కీ రూపొందించిన ఈ సూక్ష్మదర్శిని విడిభాగాలుగా వస్తుంది. నీటికి నానని కాగితపు రేకులను గీతల వెంట మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, ఆవగింజను తలపించే గాజు కటకాన్ని అమర్చుకోవాలి. వస్తువును 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది. దీని వివరాలతో పరిశోధన పత్రం 2014లో వెలువడింది.

రెండో రోజు పెరట్లోని తొట్టి నీటిని ఒక చుక్క స్లైడు మీద వేసి చూశాం. నలకలన్నీ బారులు తీరినట్టు ఎడమవైపుకు సాగిపోతున్నాయి. "ఇవన్నీ ప్రాణులే" అని అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది, నేనూ సరేనన్నాను. కాసేపటికి, "ఇవి ప్రాణులు కాకపోతే ఏం కనబడాలి?" అని అడిగాను. అదే నీటిని మరిగించి, చల్లార్చి, మరో చుక్క వేసింది. అందులోనూ నలకలు అలాగే సాగాయి. స్లైడును కాస్త వంచితే అన్నీ ఒక్కసారిగా దారి మార్చాయి. కదులుతున్నది నీరే. మొదటి వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టివేసి, దాని కింద "కదలిక ఒక్కటే చాలదు" అని రాసింది. మళ్లీ తొట్టి నీటి చుక్కలో వెతికితే, ప్రవాహానికి ఎదురీదుతూ నాచుపోగుకు తగిలి, వెనక్కి జరిగి, పక్కనుంచి తప్పుకుపోయిన జీవి ఒకటి కనిపించింది. మరిగించిన నీటిలో ఎంత వెతికినా అలాంటిది దొరకలేదు.

ఈ పరికరాన్ని నేను మెచ్చుకునేది ఆ కొట్టివేత కోసమే. ఒక మాట తప్పని తేల్చగల పరీక్ష ఏదో ముందే చెప్పలేకపోతే అది శాస్త్రీయమైన మాట కాదని తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో వాదించాడు. అంతకు వందేళ్ల కిందటే, 1827లో, వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ నీటిలో పుప్పొడిలోని రేణువులు అదురుతుండటం చూసి, అది జీవలక్షణమేమోనని ముందు అనుకున్నా, ఏనాడూ ప్రాణంలేని రాతిపొడితో, గాజుపొడితో పరీక్షించి, అవీ అలాగే అదరడంతో ఆ ఊహను వదులుకున్నాడు. ఆయన చూసిన కదలిక వేరు, మేం చూసినది వేరు. అడిగిన ప్రశ్న మాత్రం ఒకటే.

ఇలా తమ ఊహను తామే పరీక్షకు పెట్టుకోవడం వల్ల సమాజానికి ఒరిగేదేమిటో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కర్లేదు. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని తరతరాలుగా నమ్మారు. ఆ పేరుకు అర్థమే అది. రెండేళ్లపాటు వేరే రకాల దోమలను కోసి చూసి ఏమీ దొరకని వైద్యుడు రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ రెండేళ్లూ వృథా అని నేననుకోను. ఏ దోమలు కావో అవి చెప్పాయి. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు కానీ, దోమ అని తేలాక నిలవనీటిని తొలగించడం, తెర కట్టుకోవడం ప్రతి ఇంటికీ సాధ్యమైన పనులయ్యాయి. ఫోల్డ్‌స్కోప్ తయారీ వెనుక కూడా మారుమూల ప్రాంతాల్లో రోగనిర్ధారణకు చవకైన పరికరం కావాలన్న ఆలోచనే ఉంది.

కొనదలచినవారికి ఒక మాట. రెండు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) కంటే చిన్న వివరాలు ఇందులో విడివిడిగా కనబడవు. బ్యాక్టీరియాను చూడాలనుకునేవారికి ప్రయోగశాల సూక్ష్మదర్శినే కావాలి. ఉల్లిపొర, చీమ కాలు, ఈగ రెక్క, చెరువు నీరు మాత్రం తృప్తిగా చూడవచ్చు. అయస్కాంతపు బిళ్లతో ఫోనుకు తగిలిస్తే ఇంటిల్లిపాదీ ఒకేసారి చూడవచ్చు. మడతలు పిల్లల చేతనే వేయించండి. దీనితోపాటు ఒక నోటుపుస్తకం కూడా కొనివ్వండి, రాసినదాన్ని చెరిపేయకుండా కొట్టివేయడానికి వీలుగా పెన్సిల్ కాక పెన్ను ఇవ్వండి.